ఎడం మగ్గం తాళం

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. దీనికి మందు లేదని మా ఇంట్లో తేల్చేసి చాలా ఏళ్లయింది. నేను ఏనుగు అంటే మీరు గేదె అనుకోండి. గేదె అంటే మేక అనుకోండి. మేక అన్నానంటే మాత్రం అక్కడ అసలేమీ లేకపోయే ప్రమాదం ఉంది. మా ఆవిడ నా మాటల్లోంచి తరుగు తీసేసి మిగిలింది వింటుంది. మీరూ అలాగే చదవండి.

విజయనగరంలో ఒక ఇత్తడి సామాన్ల కొట్టు మీద, మేడగదిలో ఇరవై ఆరేళ్లు పాటలు రికార్డు చేశాను. పెళ్లి పాటలు, ఎన్నికల పాటలు, అమ్మవారి పాటలు, పళ్ల డాక్టరుగారి ప్రకటనలు. వాటన్నిటినీ వరసగా వేస్తే మీరు ఇచ్ఛాపురం బస్సెక్కి వెళ్లి, అక్కడ మనవల పెళ్లిళ్లు కూడా చేసుకుని తిరిగొచ్చినా ఇంకా మోగుతూనే ఉంటాయి. మూడేళ్ల కింద గదికి తాళం వేసేశాను. ఇప్పుడు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఇదే పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "మీరు చేసినవాటిలో పెద్ద హిట్టేది సార్?" అని అడుగుతుంటారు. ఒక ఆల్బమ్ పేరు చెప్తే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. అందులో నేను చేసిన పని చెప్తే ఎలా అవుతాయో తెలీదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్న పదిగంటలకి ఒక పెద్దాయనా ఆయన భార్యా మెట్లెక్కి వచ్చారు. ఆయన పలకరింపుకి కిందకొట్లో బిందెలు మోగాయి. చెవి సరిగా వినపడనివాళ్లు అలాగే మాట్లాడతారు. లోపలికొచ్చి నా మొహం చూడకుండా గోడ చూశాడు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి గోనెసంచులు కొట్టించి ఉంచాను. ఒక సంచీ అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది మా నేత కాదు. పోగు వదులుగున్నాది" అని తేల్చేశాడు.

ఆయన గోనె మిల్లులో ముప్ఫయ్యేళ్లు రెండు మగ్గాలు నడిపిన మనిషి. ఏ మిల్లో చెప్పను, ఇప్పుడది లేదు కూడా. మగ్గం దగ్గర నిలబడి పాటలు కట్టేవాడు. భార్యది అదే మిల్లులో సంచులు కుట్టే పని. ఆయన కట్టిన పాటలన్నీ ఆవిడ నోటుపుస్తకంలో రాసి దాచింది. మిల్లు మూతపడ్డాక ఆవిడ పుట్టిల్లు పాతపట్నం చేరారు.

"నెమ్మదిగా సెప్తే ఇనపడదు, గట్టిగా సెప్తే అర్థం కాదు. అతగాడికి సెప్పాలంటే మూతి సూపించి సెప్పాల బావూ" అందావిడ.

విషయం కూడా ఆవిడే చెప్పింది. చెవి నరం ఎండిపోతోందట. సగం మగ్గాల మోత తిన్నది, మిగతాది ఏదో జబ్బు తింటోంది. చెవికి మిషను పెడితే చప్పుడు పెరుగుతోంది గానీ పాట పెరగట్లేదు. ఆరు నెలలుంటుందో ఏడాదుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు.

"తొమ్మిది పాటలు" అన్నాడాయన, తొమ్మిది వేళ్లు చూపించి. "నా పాటలు నా సెవుల్తో ఒకసారి ఇనాల. అప్పుడు పోతే పోనీ."

ఆయనకి కావలసింది అంతే. హిట్టూ గిట్టూ అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

వాయించేవాళ్లు ఎవరని అడిగాను, ఆవిడ నా మాట ఆయనకి మూతితో అందించింది. ఆయన ఇద్దరి పేర్లు చెప్పాడు. నేను కూర్చున్న కుర్చీ నా కింద నుంచి వెళ్లిపోయింది. ఒకాయన సినిమా పాటల్లో వయొలిన్ వాయించే మహానుభావుడు. ఆయన తీగ మీద కమాను లాగకపోతే చెన్నైలో నాయికలకి ఏడుపు రాదని చెప్పుకునేవారు. రెండో ఆయనది డోలక్కు. భూమ్మీద ఆయన వాయించని దేశాలు రెండున్నాయి, అక్కడ మనుషులుండరు. ఇద్దరూ ఆ మిల్లు కాలనీలో పుట్టినవాళ్లే. దసరా నాటకాలకి ఈయన పాడితే పక్కన కూర్చుని వాయించినవాళ్లే.

"పిలిస్తే వస్తారా?" అన్నాను.

"రాకపోతే ఆళ్ల సిన్నప్పటి సంగతులు పాటకట్టి పాడతానని సెప్పినాను" అన్నాడు.

వచ్చారు. ఆ రోజు మా వీధిలో కారు ముందుభాగం మా మెట్ల దగ్గర ఆగితే వెనకభాగం ఇంకా గంటస్తంభం దగ్గర మలుపు తిరుగుతోంది. ఇత్తడి కొట్టాయన కొత్త పంచె కట్టాడు. డోలక్కాయన మెట్ల మీదే "బావా!" అని అరిచి, ఆయన్ని ఎత్తి గిరగిరా తిప్పి, ఆయన భార్య కాళ్లకి అక్కకి పెట్టినట్టు దణ్ణం పెట్టి, "అప్పా, నీ సేతి ఉలవసారు తిని పద్దెనిమిదేళ్లయినాది" అన్నాడు. అంత పెద్ద మనుషులకి గుమ్మంలోనే యాస వెనక్కొచ్చేసింది. వయొలినాయన మాత్రం స్నేహితుడి చెవి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

వాళ్లకున్నది ఆరు రోజులు. ముందు ఆయన చేత తొమ్మిది పాటలూ పాడించి ఉంచితే, దాని మీద వీళ్లు వాయిస్తారని అనుకున్నాం. ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు, అలా విడివిడిగా చేసేటప్పుడు పాడేవాళ్ల చెవిలో టక్, టక్ అని ఒక తాళం వేస్తాం. క్లిక్కంటాం. అది అందరికీ కట్టుగొయ్య. ఆయనకి ఆ టక్కులు వినపడలేదు. ఆ సన్న చప్పుడు మగ్గాల మోత ఎప్పుడో తినేసింది. సరే, మీ లెక్కలో మీరు పాడండని సైగ చేశాను. ఆ రోజు ఆవిడ ఉలవచారు కాయడానికి మా ఇంటికెళ్లింది.

పాడాడు. ఒక్కమాటైనా పెంచకుండా చెప్తున్నాను, గదిలో ముగ్గురం ఊపిరి తీసుకోవడం మర్చిపోయాం.

దేశమంతా తిరిగొచ్చిన గోనెసంచీ
నిన్ను నేసినోడు గుమ్మం దాటనేదే
ఏ ఊరు సూసినావో సెప్పిపోవే

గొంతు కర్రకి గీసుకున్న తాడులా ఉంది. కానీ ప్రతి పాదం చివరా ఒక చిన్న ఆలస్యం. అరక్షణం కూడా ఉండదు. మాట పడాల్సిన చోట పడకుండా, తడబడి, ఆ తర్వాత పడుతుంది. అన్ని పాటల్లోనూ అంతే. డోలక్కాయన మోకాలి మీద తాళం వేసుకుంటూ ప్రతిసారీ ముందెళ్లిపోయాడు. స్నేహితులిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"బావకి తాళం పోయింది" అన్నాడు డోలక్కాయన, గొంతు తగ్గించి. తగ్గించక్కర్లేదని గుర్తొచ్చి, కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను. "మీరు బెంగపడకండి, నేను సర్దేస్తాను" అన్నాను.

రెండు పగళ్లు కూర్చుని సర్దాను. కంప్యూటర్లో ఒక్కో పాదాన్ని కోసి, ఆ ఆలస్యాన్ని తీసేసి, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా క్లిక్కు మీద కూర్చోబెట్టాను. ఎన్ని కోతలు కోశానంటే, అన్ని కోతలు మా జిల్లాలో వరిచేలు ఏ ఏడూ చూసుండవు. పాటలన్నీ పాలిష్ పట్టిన బియ్యంలా తయారయ్యాయి. వాటి మీద వాళ్లిద్దరూ మూడు రోజులు వాయించారు. ఆ వాయించడం గురించి పెంచి చెప్పడానికి నాలాంటివాడికే చాలలేదు. ఆఖర్న వయొలినాయన నా భుజం తట్టి, "హైదరాబాదులో కూడా ఇంత శుభ్రంగా చేసేవాళ్లు తక్కువ. నువ్వు ఇక్కడుండాల్సినవాడివి కాదు" అన్నాడు. ఆ మాట నాలో ఎంత దూరం వెళ్లిందో చెప్పుకుంటే సిగ్గు. నలభై దాటిన మనిషిని, మనసులో పెట్టె సర్దేసుకున్నాను.

ఆరోరోజు పెద్దాయన్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు పూర్తిగా పెంచి మొదటి పాట వేశాను.

రెండు పాదాలు విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ విన్నాడు. చెయ్యి తొడ మీద కొట్టుకుంటోంది. ప్రతి పాదం చివరా చెయ్యి గాల్లో ఆగిపోతోంది, పాట ఆగట్లేదు.

"నాను ఇలగే పాడినానా?" అన్నాడు, నన్ను చూసి.

తల ఊపాను. అవునన్నట్టు.

"ఇలగే?"

మళ్లీ ఊపాను. పక్కన ఇద్దరు పెద్దవాళ్లున్నారు, వాళ్ల ముందు నా పనితనం నిలబడి ఉంది. ఆ పెద్దాయన మాత్రం కూర్చుని ఉన్నాడు.

హెడ్‌ఫోన్లు నెమ్మదిగా తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే అయిపోనాయి" అన్నాడు. "నా సెవులు అబద్ధం సెప్తన్నాయి. అయిపోనాయి." భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. స్నేహితులిద్దరూ వెనకే పరిగెత్తారు. వాళ్లు నిజంగానే చెవి పోయిందనుకున్నారు. పాట సర్దానని నేను ఆయనకి చెప్పే ఉంటానని వాళ్ల నమ్మకం. ఆ సాయంత్రమే ఎవరి పనులకి వాళ్లు వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక్క మాట చెప్తే సరిపోయేది. "మార్చింది నేను." రెండే మాటలు. రోజుకి రెండు లక్షల మాటలు వాడే మనిషిని, ఆ రెండూ దాచుకున్నాను. రేపు చెప్దామనుకున్నాను. రేపు వచ్చాక ఎల్లుండి మంచిరోజనిపించింది. అలా పద్దెనిమిది రోజులు.

పంతొమ్మిదోనాడు భార్య ఒక్కతే వచ్చింది.

"పాట మానేసినాడు బావూ. పలకరిస్తే గోడకేసి తిరిగిపోతన్నాడు. మిషను పెరట్లోకి గిరాటెట్టినాడు. ఆరు నెల్లుంతాదన్నాడు కదా డాక్టరు, ఇంత బేగి ఎలగ పోనాయి?"

ఆవిడకి చెప్పేశాను. అలసిపోయి చెప్పాను తప్ప అందులో నా గొప్పేమీ లేదు.

ఆవిడ తిట్టలేదు. తిట్టుంటే బావుండేది. "అతగాడు పాడింది ఉన్నాదా, తుడిసేసినావా?" అంది.

ఉంది. వేశాను. ఆవిడ నిలబడే వింది. కుడి చెయ్యి సన్నగా కదుపుతోంది. ఏడుసార్లు కదిలి, ఎనిమిదోసారి ఒక్క క్షణం ఆగి, అప్పుడు పడుతోంది. ఆయన మాటా ఆవిడ చెయ్యీ ఒకే చోట పడుతున్నాయి. పాటంతా అలాగే.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"ఎడం మగ్గం" అంది. "అతగాడి రెండు మగ్గాల్లో ఎడందాయి ముసిలిది. కుడిది టకటకా ఎల్లిపోతాది. అది రాదు. ఆగాల. ఆగకపోతే పోగు తెగిపోతాది. ముప్ఫయ్యేళ్లు దానికోసం ఆగినాడు." మళ్లీ తనే అంది, "తాళం తప్పలేదు బావూ, ఎడందాయి కోసం ఆగినాడు."

నా ఇరవై ఏళ్ల పనితనం ఆ క్షణంలో మెట్లు దిగి వెళ్లిపోయింది.

"నడు" అందావిడ. "నాకు సెప్పినట్టు అతగాడికి సెప్పు."

పాతపట్నం బస్సులో నేను ఎన్ని రకాలుగా క్షమాపణ తయారుచేశానో, వాటిలో రెండు పద్యాలు కూడా ఉన్నాయి. తీరా వెళ్లాక అవేవీ పనికిరాలేదు. ఆయన మంచం మీద గోడకేసి తిరిగి ఉన్నాడు. భార్య లేపి కూర్చోబెట్టింది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని మొదలెట్టాను. ఆయన నా మొహం చూసి విసుక్కున్నాడు.

"ఏటి సెప్తన్నాడే ఈడు? మీసమే కనపడతన్నాది."

అప్పట్లో నా మీసం గురించి మీకు చెప్పాలి. దాని నీడలో ఇద్దరు పిల్లలు కూర్చుని చదువుకోవచ్చు. పై పెదవి ఉందని నాకే జ్ఞాపకం ఉండేది కాదు. మగ్గాల మోతలో మనిషి మాట మనిషికి వినపడదు, వాళ్లంతా పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లు. అందుకని ఆ మగ్గాల వరసలో మీసం ఎవరూ పెంచేవారు కాదట. కొత్తవాడు మీసంతో వస్తే మొదటిరోజే గొరిగించేవారట.

"మీరే చెప్పండమ్మా ఆయనకి" అన్నాను ఆవిడతో, పారిపోయే దారి చూసుకుని.

"నాను సెప్పను. సేసింది నువ్వు. నీ మూతి సూసే సదువుతాడు" అని లోపలికెళ్లి భర్త గడ్డం గీసుకునే పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

పెరట్లో అద్దం ముందు నిలబడి గొరుక్కున్నాను. నవ్వండి, ఫర్వాలేదు. ఆవిడ కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. పెదవి బయటపడ్డాక ఇక పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. వెళ్లి మళ్లీ ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మీ చెవులు పోలేదు" అన్నాను. "పాట నేను మార్చాను."

"మళ్లీ సెప్పు."

చెప్పాను. మూడోసారీ చెప్పించుకున్నాడు. ఆవిడ వైపు తిరిగాడు, ఆవిడ చేత్తో ఎడం మగ్గం పడే తీరు చూపించి, దాన్ని కత్తెరతో కోసినట్టు చూపించింది.

"మరి ఆ రోజు తల ఊపినావు కదరా" అన్నాడు.

"ఊపాను" అన్నాను, నోటితోనే.

"ఇన్నాళ్లూ నాను సచ్చిపోనాననుకున్నాను కదరా!" అన్నాడు. ఆ గొంతుకి వీధిలో వాళ్లు బయటికొచ్చారు. తర్వాత రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. చేతులు తీశాక మొట్టమొదట భార్యతో అన్న మాట, "మిషనెక్కడ గిరాటెట్టినానే?"

ఆ మధ్యాహ్నం ముగ్గురం పెరట్లో బీరపాదు కింద మోకాళ్ల మీద పాకుతూ ఆ మిషను వెతికాం.

స్నేహితులిద్దరికీ ఫోను చేసి అంతా చెప్పాను. వయొలినాయన అయిదు నిమిషాలు తిట్టాడు. అంత శ్రుతిశుద్ధంగా నన్నెవరూ తిట్టలేదు. హైదరాబాదు మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. డోలక్కాయన మాత్రం, "బావ తప్పాడని మొదట అన్నది నేనే" అని ఫోను పెట్టేశాడు. ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకడానికి అయిదు నెలలు పట్టింది.

ఈసారి క్లిక్కు లేదు, హెడ్‌ఫోన్లు లేవు. అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాను. ఆవిడ మధ్యలో నిలబడింది, మగ్గంలాగ. ఏడు కదలికలు, ఒక ఆగడం. డోలక్కాయన రెండు రోజులు ఆవిడ చేతిని చూస్తూ కూర్చుని, చెమటలు కక్కి, "ఇన్ని దేశాలు తిరిగాను, అప్ప సేతి దగ్గర కింద పడిపోతన్నాను" అన్నాడు.

"ఆగరా. నువ్వు వాయించీకు. అది వస్తాది" అందావిడ.

మూడోరోజుకి ఆగడం వచ్చింది ఆయనకి. తొమ్మిది పాటలూ నాలుగు రోజుల్లో అయిపోయాయి.

ఆ ఆల్బమ్ ఏమైందో మీకు తెలుసు. పాతపట్నం ఆటోల నుంచి ఎచ్చెర్ల హాస్టలు గదుల దాకా ఆ గోనెసంచీ పాట మోగని ఫోను లేదు. పెళ్లి బ్యాండువాళ్లు ఆ తాళం పట్టలేక ఊరేగింపుని ఎనిమిదో అడుగు దగ్గర ఆపేవారు, పెళ్లికొడుకు గుర్రం కూడా ఆగడం నేర్చుకుంది. మా వీధి కాకులు ఏడుసార్లు అరిచి, కాస్త ఆగి, ఎనిమిదోసారి అరిచేవి. పెద్ద స్నేహితులు వాయించారు కాబట్టి హిట్టయిందన్నారు కొందరు. వాళ్ల పేర్లు చూసి మొదటిసారి విన్నారేమో గానీ, రెండోసారి విన్నది దానికి కాదు.

ఆల్బమ్ బయటికి రాకముందు, పాటలన్నీ సిద్ధం చేసి ఆయన్ని పిలిచాను. ఆయన వచ్చి కూర్చుని, కళ్లు మూసుకుని తొమ్మిది పాటలూ తన చెవులతో విన్నాడు. అయిపోయాక, "బాగున్నాది" అన్నాడు.

ఇప్పుడు తరుగు సంగతి. కారు మామూలు కారే. కాకులు మామూలు కాకులే, గుర్రం నేను చూడలేదు. మీసం నిజం, నీడలో చదువుకునేంత కాదు. ఇవన్నీ పెంచినవి. పెంచడం వేరు, లేనిది పుట్టించడం వేరు. పుట్టించింది ఒక్కటే ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడని మొదలెట్టి పైన రాసిన ఆ రెండు వాక్యాలు.

ఆయన వినలేదు. రికార్డింగు ఆఖరి రోజుకే ఆయనకి వినపడటం ఆగిపోయింది. ఆఖరి రెండు పాటలు భార్య చెయ్యి చూసి పాడాడు. నేను మొదటిసారే ఆయన పాటని ఆయన పాటలా ఉంచి ఉంటే, ఆ ఆరోరోజు తొమ్మిదీ వినేవాడు. డాక్టర్నడిగితే అలా చెప్పలేమన్నాడు. నన్నడగండి, నేను చెప్తాను.

నిజంగా జరిగింది ఇది. ఆయన వచ్చి భార్యకి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. పాట నడుస్తుంటే ఆవిడ దాని వెంట పెదాలు కదుపుతుంది, ఈయన చూస్తాడు. అదీ ఏర్పాటు. నేను మీట మీద వేలు పెట్టాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, నా వైపు తిరిగాడు.

"ఈసారి ఏటైనా మార్చినావా?"

"లేదు" అన్నాను.

నా మూతి కేసే చూస్తున్నాడు. ఇక ఆయనకున్న దారి అదొక్కటే. నేను తల ఊపలేదు. ఇంకోసారి, నెమ్మదిగా, పెదాలు విడదీసి, "మార్చలేదు" అన్నాను.

కాసేపు చూసి, భార్య వైపు తిరిగాడు.

"అయితే ఎట్టు" అన్నాడు.

పాట వేశాను. ఆవిడ గొంతు లేకుండా మొదలుపెట్టింది.